శని మీద శరత్తు: ఉష్ణోగ్రత మార్పు 8 అంగుళాల టెలిస్కోప్‌కి అందుతుందా?

రాజోలు_చుక్కలు:
2025 మే విషువత్తుతో (రాత్రీ పగలూ సమానమయ్యే సమయం) శని ఉత్తరార్ధంలో శరత్తు మొదలైంది కదండీ. అక్కడ ఒక్కో ఋతువూ ఏడేళ్ల పైమాటే. ఉత్తరం చల్లబడటాన్ని 8 అంగుళాల ఎస్‌సీటీ (ముందు కరెక్టర్ అనే గాజు పలక, వెనక అద్దం ఉండే టెలిస్కోప్), కలర్ కెమెరా, 685 నానోమీటర్ల ఐఆర్ (పరారుణ) ఫిల్టర్‌తో పట్టుకోవచ్చా? ఎండ తగ్గగానే చల్లబడుతుందా, ఆలస్యమవుతుందా?

భీమవరం_దుర్భిణి:
ఆ ఫిల్టర్‌లో వేడి కనపడదండి. అక్కడ వచ్చేది శని మీద పడి తిరిగొచ్చిన ఎండే. ఉష్ణోగ్రత కొలవాలంటే తరంగదైర్ఘ్యం 7 మైక్రాన్లు, అంటే 7000 నానోమీటర్లు, దాటాలి. కరెక్టర్ గాజు అక్కడ పారదర్శకం కాదు, సిలికాన్ సెన్సర్‌కి ఆ కిరణాలు తెలియవు. దానికితోడు మన డెల్టా గాలిలో ఇంత తేమ! కాసిని నౌక శని దగ్గరే ఉండి కొలిచింది కాబట్టి సాధ్యపడింది. 7.7 మైక్రాన్ల దగ్గర మీథేన్ వెలుగు చూస్తారు. మీథేన్ అంతటా సమానంగా కలిసి ఉంటుంది, అందుకే ఆ వెలుగులో తేడా అంటే వేడిలో తేడాయే. ఈథేన్ అనే మరో వాయువు పరిమాణం చోటుని బట్టి మారుతుంది, దాన్నొక్కదాన్నే నమ్మకూడదు.

ఆలస్యం సంగతి: చేపల చెరువులో పైనీరు మధ్యాహ్నానికే వేడెక్కినా అడుగునీరు మారనట్టే. పైపొరల్లో మీథేన్ ఎండని పీలుస్తుంది, ఈథేన్, ఎసిటిలీన్ వేడిని బయటికి పంపుతాయి. గాలి పలచన కాబట్టి మార్పు కొన్నేళ్లలోనే తెలుస్తుంది. 2004–2009 మధ్య ఉత్తరాన స్ట్రాటోస్ఫియర్ (మేఘాలకి పైనున్న పలచని పొర) 6 నుంచి 10 డిగ్రీలు వేడెక్కింది, దక్షిణాన 4 నుంచి 6 డిగ్రీలు తగ్గింది. వలయాల నీడ తొలగడం కూడా ఉత్తరానికి కలిసొచ్చింది. గాలి ఒత్తిడి కొన్ని వందల మిల్లీబార్లుండే లోతుకి వెళ్తే మార్పు చాలా స్వల్పం.

అమలాపురం_ఆకాశం:
వేడి అందకపోయినా రంగు అందుతుందండి, అదీ ఋతువు పనే. 2004లో చలికాలపు ఉత్తరార్ధం నీలంగా ఉండేది, 2017 వేసవికి పసుపు తిరిగింది. ఎండ తగిలేకొద్దీ పొగమంచు పేరుకోవడమే కారణం. ఇప్పుడు ఉత్తరం మళ్లీ నీలానికి తిరుగుతుందా అన్నది ఏటా చూడాలి.

ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తనంతట తాను రంగులు సర్దడం) తప్పనిసరిగా ఆపండి, లేకపోతే కొలిచేదంతా వృథా. హిస్టోగ్రామ్ (వెలుగు స్థాయి చూపే గ్రాఫ్) 60–70 శాతం దాటనివ్వకండి. అదే రాత్రి, అంతే ఎత్తులో ఉన్న సూర్యుడి రకం నక్షత్రాన్ని అవే సెట్టింగులతో తీసి, అక్షాంశాల వారీగా నీలం, ఎరుపు నిష్పత్తి దానితో పోల్చండి. షార్పెనింగ్ చేయకముందే కొలవాలి, ఫొటోకి పదును పెట్టే వేవ్‌లెట్లు అంచుల రంగు మార్చేస్తాయి. మన దగ్గర కరెక్టర్ మీద మంచు పడితే కొలత చెడుతుంది, డ్యూ హీటర్ (గాజు మీద మంచు పట్టకుండా వెచ్చగా ఉంచే పట్టీ) మొదటినుంచీ వేసి ఉంచండి.

యానాం_రాత్రి:
ఒక్క జాగ్రత్త. అన్ని వేడి మార్పులూ ఋతువువి కావు. 2010 డిసెంబరు తుపాను తర్వాత 2011లో స్ట్రాటోస్ఫియర్‌లో ఒకచోట సుమారు 80 డిగ్రీలు పెరిగింది. ఋతువులు అక్షం వాలు వల్ల వస్తాయి కాబట్టి గురుడితో పోల్చకండి, దాని వాలు 3 డిగ్రీలే. శనికి 26.7.