గురక మిషన్ పెట్టుకుంటే ఫ్యాటీ లివర్ తగ్గుతుందా?

కొల్లేటికొంగ:
మా బావగారికి 46 ఏళ్ళు, 92 కిలోలు. మందు అలవాటు లేదు, షుగర్ ఉంది. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్. లివర్ ఎంజైములు ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 72, ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు. గురక ఎక్కువని ఇంట్లోనే స్లీప్ టెస్ట్ చేయిస్తే ఏహెచ్‌ఐ (నిద్రలో గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే లెక్క) 34 వచ్చింది, సీప్యాప్ (మాస్క్‌తో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే మిషన్) రాశారు. రెండింటికీ లింకుందంటున్నారు. మరి మిషన్‌తో లివర్ కూడా బాగుపడుతుందా?

నిద్రగన్నేరు:
లింకుంది, అదీ బరువు వల్ల మాత్రమే కాదు. గొంతు మూసుకుపోయిన ప్రతిసారీ ఆక్సిజన్ పడిపోతుంది, ఊపిరి అందగానే లేస్తుంది. గంటకి 34 సార్లంటే రాత్రంతా ఇదే తంతు. ఒళ్ళు ఉలిక్కిపడి అడ్రినలిన్ వదులుతుంది, దాంతో ఒంట్లో కొవ్వు కరిగి ఫ్యాటీ యాసిడ్లుగా లివర్‌కి చేరుతుంది. ఇన్సులిన్ పనితనమూ దెబ్బతింటుంది కాబట్టి లివర్ సొంతంగా కూడా కొవ్వు తయారుచేస్తుంది.

రిపోర్టులో ఏహెచ్‌ఐ దగ్గరే ఆగిపోకండి. ఆక్సిజన్ 90 శాతం లోపు ఎంతసేపు ఉంది, అట్టడుగున ఎంతకి పడింది అన్నవీ చూడండి. ఇంకోటి, ఇంటి టెస్టులు చాలావాటిలో మెదడు తరంగాలు రికార్డవవు. మెలకువగా దొర్లిన టైమూ లెక్కలో కలిసిపోతుంది. అసలు ఏహెచ్‌ఐ 34 కన్నా ఎక్కువే ఉండొచ్చు.

కాలేయం_కబుర్లు:
సూటిగా చెప్పాలంటే, మిషన్ ఒక్కదాన్నీ నమ్ముకోలేం. లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి చూసిన పరీక్షల్లో సీప్యాప్‌తో లివర్ కొవ్వు చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. కొందరికి బరువు కాస్త పెరుగుతుంది కూడా. అలాగని మానేస్తే ఎలా? బీపీకీ, పగటి నిద్రమత్తుకీ అది కావాలి.

గ్రేడ్ 2 అనేది కొవ్వు సంగతే చెబుతుంది, మచ్చకట్టిందో లేదో చెప్పదు. దానికి ఫిబ్-4 వేయండి: వయసుని ఎస్‌జీఓటీతో గుణించి, ప్లేట్‌లెట్లనీ ఎస్‌జీపీటీ వర్గమూలాన్నీ గుణించగా వచ్చినదానితో భాగించాలి. ప్లేట్‌లెట్లు వేలల్లో వేయాలి, అంటే 210. మన ల్యాబుల్లో లక్షల్లో ఇస్తారు కదా, 2.1 అని కొట్టేసి 124 వచ్చిందని హడలిపోతుంటారు. మీ బావగారిది 1.24. 1.3 లోపే, అంటే మచ్చ ముదిరి ఉండే అవకాశం తక్కువే, కానీ అంచునే ఉంది. పైగా షుగర్. నేనైతే లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ కూడా చేయించమంటాను. దానికి ముందు 3 గంటలు ఏమీ తినకూడదు, తింటే లివర్ ఉన్నదానికన్నా గట్టిగా చూపిస్తుంది. 8 కిలోపాస్కల్స్ లోపుంటే ప్రస్తుతానికి కంగారు లేదు.

రెండు జబ్బులకీ పనిచేసేది బరువు తగ్గడమే. 5 శాతం, అంటే 4.6 కిలోలు తగ్గితే లివర్ కొవ్వు తగ్గుతుంది. మచ్చ వెనక్కి తగ్గాలంటే 10 శాతం, 9 కిలోల పైమాటే.

కొల్లేటికొంగ:
ధన్యవాదాలండీ. మాస్క్ రెండు మూడు గంటలకే పీకేస్తున్నారు, అదో తలనొప్పి.

నిద్రగన్నేరు:
ముందు లీక్ చూడండి. మీసం దట్టంగా ఉంటే ముక్కు మాస్క్ అంచు సరిగా అతుక్కోదు, ముక్కురంధ్రాల్లో కూర్చునే పిల్లో రకం అడగండి. నోరు ఎండిపోతోందంటే నోటిలోంచి గాలి పోతోందన్నమాట. హ్యూమిడిఫైయర్ పెంచి, ముక్కుదిబ్బడకి మందు వాడాలి, అయినా తగ్గకపోతే నోరూ ముక్కూ కప్పే మాస్క్. పట్టీలు బిగించేకొద్దీ లీక్ పెరుగుతుంది, పడుకున్నాకే సర్దుకోవాలి. మిషన్ డేటాలో రాత్రికి కనీసం 4 గంటలు, మిషన్ పెట్టుకున్నా ఇంకా మిగిలిన ఏహెచ్‌ఐ 5 లోపు కనబడాలి. నిద్ర పట్టట్లేదని సొంతంగా నిద్రమాత్రలు మాత్రం వేయనివ్వకండి, గొంతు కండరాలు ఇంకా వదులవుతాయి.