ఆమ్‌స్టర్‌డామ్ వీయూలో చేరబోతున్న విద్యార్థిని ప్రశ్నకు జవాబు

నమస్కారమండీ. సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డామ్ వ్రైయె యూనివర్సిటీలో, అంటే ఇక్కడ అందరం వీయూ అని పిలుచుకునే చోట, కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌లో చేరబోతున్నారని, అది క్రైస్తవ సంస్థ అని విని ఇంట్లో పెద్దవాళ్లు వెనకాడుతున్నారని రాశారు. ముందు ఆ సందేహం తీరితే మిగతా పనులు నిదానంగా చేసుకోవచ్చు.

పెద్దవాళ్లు విన్నదాంట్లో అబద్ధం లేదు. 1880లో దీన్ని స్థాపించినవారిలో ముఖ్యుడు అబ్రహాం కైపర్ అనే ప్రొటెస్టెంటు పాస్టరు. పత్రికా సంపాదకుడిగా, పార్టీ నాయకుడిగా కూడా పేరుపడిన ఆయన 1901లో నెదర్లాండ్స్ ప్రధానమంత్రి అయ్యారు. చదువు మీద ప్రభుత్వ పెత్తనం గానీ చర్చి పెత్తనం గానీ ఉండరాదన్నది ఆయన పట్టుదల. ప్రభుత్వ నిధులు లేని ఆ దశాబ్దాల్లో దీన్ని నిలబెట్టింది సామాన్య విశ్వాసుల చందాలే. తర్వాతి కాలంలో ఆ కుటుంబాల ఇళ్లలో చిన్న ఆకుపచ్చ రేకు డబ్బా ఒకటి ఉండేది. మిగిలిన చిల్లర అందులో వేసి, వసూలుకు వచ్చిన మహిళా కార్యకర్తలకు ఇచ్చేవారు. ఈ విశ్వవిద్యాలయం మీద నాకున్న గౌరవంలో సగం ఆ డబ్బాల వల్లనే. 1965లో మార్టిన్ లూథర్ కింగ్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చిందీ ఈ సంస్థే. ఇప్పుడు ఇది ప్రభుత్వ నిధులతో నడుస్తోంది. ప్రవేశానికి మీ మతం ఏమిటని అడగరు, ప్రార్థనకు రమ్మనరు. మతశాస్త్ర విభాగం నేటికీ ఉంది గానీ, అక్కడ ఇస్లాం గురించి కూడా చదువుకోవచ్చు. ఇక మీ శాఖ విషయానికి వస్తే, లైనక్స్‌కు ప్రేరణగా నిలిచిన మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను 1987లో ఇక్కడి ఆచార్యుడు ఆండ్రూ టానెన్‌బామ్ విద్యార్థుల కోసం రాశారు. ఈ ఒక్క మాట మీ నాన్నగారికి చెప్పి చూడండి.

నిజంగా కంగారు పడవలసింది ఇంటి గురించి. విశ్వవిద్యాలయం ద్వారా గది అడిగే అవకాశం వచ్చిన రోజే దరఖాస్తు పెట్టి, అడిగిన రుసుము కట్టేయండి. పక్క ఊరైన ఆమ్‌స్టెల్‌వేన్‌లో అయిలన్‌స్టేడ అనే విద్యార్థుల వసతి సముదాయంలో గది దొరికితే మరో ఆలోచన వద్దు. అక్కడి నుంచి బులెలాన్ వీధిలోని కాలేజీకి సైకిల్ మీద వెళ్లిపోవచ్చు, పైగా ఆమ్‌స్టెల్‌వేన్‌లో మన భారతీయ కుటుంబాలు చాలా ఉన్నాయి. బయట అద్దెకు తీసుకోవలసి వస్తే, ఆ చిరునామాలో మునిసిపాలిటీ దగ్గర నమోదు చేసుకోనిస్తారా అని మొదటే అడగండి. కుదరదన్న గది ఎంత చవకైనా వదిలేయండి. ఆ నమోదు జరిగితేనే బీఎస్ఎన్ అనే వ్యక్తిగత గుర్తింపు నంబరు వస్తుంది, బ్యాంకు నుంచి పార్ట్‌టైమ్ జీతం దాకా అన్నిటికీ అదే ఆధారం. గది చూడకుండా, లేదా నమ్మకస్తులు ఎవరైనా చూసి చెప్పకుండా, అడ్వాన్సు పంపవద్దు.

చదువు వేగం మనకు కొత్త. మొదటి సెమిస్టరు ఎనిమిది, ఎనిమిది, నాలుగు వారాల భాగాలుగా నడుస్తుంది కనుక, ఇల్లు సర్దుకునేలోపే అక్టోబరు చివరి పరీక్షలు వచ్చేస్తాయి. మార్కులు పదికి వేస్తారు, 5.5 వస్తే ఉత్తీర్ణత; ఎనిమిది వస్తే అది చాలా మంచి మార్కు, నిరుత్సాహపడకండి. మీ డిగ్రీ వీయూ, యూవీఏ (ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం) కలిసి ఇచ్చేది కాబట్టి కొన్ని తరగతులకు ఊరికి మరో పక్కన యూవీఏ క్యాంపస్ ఉన్న సైన్స్ పార్క్‌కు వెళ్లాలి. ఆచార్యులను పేరు పెట్టి పిలవడం ఇక్కడ మర్యాదే. అర్థం కానిది క్లాసులోనే అడగండి, అడిగినవారిని తక్కువగా చూడరు.

ఉద్యోగం చేస్తే వారానికి పదహారు గంటల పరిమితి ఉంది, యజమాని వర్క్ పర్మిట్ తీసుకోవాలి, డచ్ ఆరోగ్య బీమా తప్పనిసరి అవుతుంది.

చివరిగా, మునిసిపాలిటీలో జనన ధ్రువపత్రం అడుగుతారు. మన వైపు పాత పత్రాల్లో చాలావాటికి బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది, ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకలా, పత్రంలో పొడి అక్షరంగా ఉంటుంది. పేరు చేర్పించడం, ఆపై రాష్ట్ర ధ్రువీకరణ, ఆపై పత్రం విదేశాల్లో చెల్లడానికి వేసే అపోస్టిల్ ముద్ర, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి జరగాలి, పైగా ఇక్కడి నుంచి చేయించుకోవడం చాలా కష్టం. వీసా కోసం ఆగకుండా ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి.