కాళిదాసు మేఘదూతంలో ఉచ్ఛిలీంధ్రా... తర్వాత 'మవంధ్యాం'నా, 'తపత్రాం'నా?

ప్రొద్దుటూరు: "కర్తుం యచ్చ ప్రభవతి మహీముచ్ఛిలీంధ్రా" దాకా నోటికొస్తుంది, చివరి మూడక్షరాల దగ్గర ఆగిపోతుంది. ఇంకో సందేహం కూడా. వానల్లో చచ్చిన మాను మీద సింధూరం రంగులో అట్టలు అట్టలుగా లేస్తుందే, దాన్ని శిలీంధ్రం అనడమేనా, అచ్చ తెలుగు మాట ఉందా?

ఆదోని: రెండూ మందాక్రాంత వృత్తంలో సరిగ్గా కూర్చుంటాయి సార్, 'మవంధ్యాం' అన్నా 'తపత్రాం' అన్నా లఘువు, రెండు గురువులే. ఛందస్సు తేల్చదు. వ్యాఖ్యాతల్లో మల్లినాథుడి పాఠం 'అవంధ్యాం' (గొడ్డుపోనిది), వల్లభదేవుడిది 'ఆతపత్రాం'.

కడప: ఆతపత్రమే ఉండాలి! ఆతపత్రమంటే గొడుగు. ఆ శ్లోకంలో నేల మీద శిలీంధ్రాలు లేచేలా చేసేది మేఘగర్జితం. ఉరుముల వానకే పుట్టగొడుగులు లేస్తాయని మన పల్లెల్లో ఇప్పటికీ అంటారు కదా. కవి చూసి రాసిన మాట అది.

అనంతపురం: తొందరెందుకన్నా? మల్లినాథుడు శిలీంధ్రానికి కందలి అనే మొక్క అని అర్థం చెప్పాడు. కొలచల వాడు, మన తెలుగువాడు. ఆయన్ని దాటి పోవాలంటే ఆధారం చూపాలి.

ఆదోని: ఆధారం కావ్యంలోనే ఉంది. కాస్త ముందుకు పోతే "ఆవిర్భూతప్రథమముకుళాః కందళీశ్చానుకచ్ఛం". కందలి కావలసినచోట కాళిదాసు కందలి అనే అన్నాడు. మల్లినాథుడి సంజీవనీ వ్యాఖ్య మీద ఎంత గౌరవమున్నా ఇక్కడ నేను కవి పక్షమే.

గుంతకల్లు: అడిగిన మాను సంగతి అందరూ వదిలేశారు. ఆ సింధూరపు అట్ట పేరు పిక్నోపోరస్. దానికి కాడ ఉండదు, పక్కనుంచి అరలాగా అతుక్కుని ఉంటుంది. తిప్పి చూస్తే పుట్టగొడుగు కింద ఉండే రేకుల్లాంటివి ఉండవు, సన్నని రంధ్రాలుంటాయి, మిల్లీమీటరుకు 5, 6. ఆ ఎరుపు సినబారిన్ అనే వర్ణకానిది. ఇది ముఖ్యంగా కొయ్యను గట్టిగా బిగించే లిగ్నిన్ మీద పడుతుంది, అందుకే కింది కట్టె తెల్లబడి నారనారగా ఊడుతుంది. కట్టె గోధుమరంగుకు తిరిగి చదరపు ముక్కలుగా పగిలితే అది కొయ్యలోని నారపదార్థం సెల్యులోజును తినే వేరే జాతి పని. ఎవరైనా తెంపి తెస్తే ప్లాస్టిక్ కవరులో వేయొద్దు, చెమర్చి రాత్రికల్లా బూజు పడుతుంది. పాత పేపర్లో చుట్టి, అదే రోజు గాలాడేచోట ఆరబెట్టాలి.

కడప: మరి దాన్నీ పుట్టగొడుగు అంటే తప్పేముంది?

గుంతకల్లు: 'ట్ట' దగ్గరే తప్పు. పుట్టుకొచ్చే గొడుగైతే పుట్టుమచ్చ, పుట్టుగుడ్డి లాగా 'పుట్టుగొడుగు' కావాలి. ఇది పుట్టమన్ను వరసలోది. చెదలపుట్ట మీద లేచే పుట్టగొడుగు, టెర్మిటోమైసిస్‌ను తవ్వి చూడండి, కాడ వేరులా సాగి లోపల చెదలు పెంచుకునే బూజుగూడు దాకా పోతుంది. మాట పుట్టింది దానికి. మాను మీది అట్టకు పుట్టా లేదు, గొడుగూ లేదు.

అనంతపురం: 'పుట్టు' వాదాన్ని నేను వదలను. ఉకారం అకారమైన మాటలు వెతికి రేపు పెడతా.

ఆదోని: శిలీంధ్రానికి కవకం అన్న మాట ఉంది కదా. మనుస్మృతిలో "పలాండుం కవకాని చ" అని తినరానివాటిలో చేర్చారు. కాడ ఉండాలన్న షరతు ఆ మాటకు లేదు.

ప్రొద్దుటూరు: కవకం సంస్కృతం సార్, నేనడిగింది తెలుగు. తడి దుంగల మీద వచ్చే గోధుమరంగు మెత్తటిదాన్ని చూస్తే చెవితమ్మెలాగే ఉంటుంది. దానికి 'మానుచెవి' అనొచ్చేమో. ఈ ఎర్రదానికి 'మానట్ట' ఎలా ఉంటుంది?

కడప: అట్ట అంటే పుస్తకం అట్టే గుర్తొస్తుంది. అదలా ఉంచి, వల్లభదేవుడి పాఠంలో 'లీం' దీర్ఘమా, హ్రస్వమా? 'శిలింధ్ర' అన్న రూపమూ చూశాను.

ఆదోని: హ్రస్వమైనా పక్కన సున్న ఉంది కదా, గురువే. మళ్లీ ఛందస్సు తేల్చదు.