అనంతగిరి గెడ్డల్లో (కొండవాగుల్లో) ఆబట్ బాబ్లర్ పిట్టను కంటితో చూడడం ఎలా?

గాలికొండ బాటసారి:
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా తొలకరి రోజుల్లో విశాఖ మన్యంలోని అనంతగిరి చుట్టుపక్కల కాఫీ తోటల్లో తిరుగుతున్నాను. గెడ్డల పక్కన దట్టమైన పొదల్లోంచి తెల్లవారుతుండగా మూడు నాలుగు స్వరాల ఈలపాట వినిపిస్తుంది. నేను అడుగు వేయగానే ఆగిపోయి, కాసేపటికి మరో పొదలో మొదలవుతుంది. అది ఆబట్ బాబ్లర్ అని నా నమ్మకం, కాని ఇంతవరకు దాని రూపం చూడలేదు. ఫోనులో దాని పాటే వినిపిస్తే బయటికి వస్తుందని ఒక మిత్రుడు చెప్పారు. అలా చేయవచ్చా?

మన్యం పిట్టలు:
మీరు పాట వెంట నడుస్తున్నారు, అది మీ అలికిడికి జరిగిపోతోంది. ఈ పిట్ట నేలకు దగ్గరగా, రాలిన ఆకుల మధ్య పురుగులను ఏరుకుంటూ తిరుగుతుంది కనుక, పొదల అడుగుభాగం కనిపించేలా గెడ్డ ఒడ్డున కింద కూర్చోండి. వెలుతురు రాకముందే అక్కడికి చేరి, కనీసం గంటసేపు కదలకుండా ఉండండి. కలుపు తీసి శుభ్రం చేసిన కాఫీ మొక్కల కింద వెతకడం వృథా. ఇంకొక మాట: అదే చోట పఫ్ థ్రోటెడ్ బాబ్లర్ అనే మరో పిట్ట కూడా ఈల వేస్తుంది. దానికి తెల్లని గొంతు, రొమ్ము మీద ముదురు చారలు ఉంటాయి. ఆబట్‌కు చారలు ఉండవు. గొంతు బూడిద రంగు, తోక పొట్టి, తోక కింద ఇటుక రంగు, ముక్కు శరీరానికి కాస్త పెద్దదనిపించేంత బలమైనది.

తూర్పు కనుమల శ్రోత:
ఫోను విషయంలో నా మనవి: దయచేసి వద్దు. తన చోటులోకి మరో పిట్ట వచ్చిందనుకొని అది మేతనూ గూటినీ వదిలి వెతుకుతూ తిరుగుతుంది, గూడు పెట్టే కాలంలో అది దానికి పెద్ద నష్టం. ఈ జాతి ప్రధానంగా హిమాలయ పాదాల నుంచి ఆగ్నేయాసియా దాకా ఉండే పక్షి. మన తూర్పు కనుమల్లో ఉన్నవి వాటికి వందల కిలోమీటర్ల దూరాన విడిగా మిగిలిపోయాయి. వీటిని 1985లో పక్షి శాస్త్రవేత్తలు రిప్లీ, బీలర్ ప్రత్యేక ఉపజాతిగా వర్ణించి, ఈ కొండల పక్షులను ఏళ్ల తరబడి అధ్యయనం చేసిన విశాఖ పక్షి పరిశీలకులు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి పేరిట కృష్ణరాజుయి అని పేరు పెట్టారు. మన మనిషి పేరు మోస్తున్న పిట్టను మనమే బెదరగొట్టడం నాకు బాధగా ఉంటుంది.

గాలికొండ బాటసారి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న, ఈరోజు మీరు చెప్పినట్లే కూర్చున్నాను. నిన్న కనిపించిన దాని రొమ్ము మీద చారలు ఉన్నాయి, అంటే ఇన్నాళ్లు నేను విన్న పాటల్లో కొన్ని దానివే కావచ్చు. ఈరోజు రెండో గెడ్డ దగ్గర, ఈల ఆగిన చాలాసేపటికి, ఆకులను ముక్కుతో తిరగేస్తూ చారలు లేని గోధుమరంగు పిట్ట ఒకటి వచ్చింది. అది తిరిగి పొదలోకి దూరేటప్పుడు తోక కింద ఇటుక రంగు స్పష్టంగా చూశాను. ఫోటో తీయలేదు.