అప్‌డేట్: మే ఎండలో పల్చటి పెంకు గుడ్లు

ఆరు గ్రామప్రియ (పెరట్లో పెంచే కోళ్ల రకం) పెట్టలు, రేకుల షెడ్డు, మధ్యాహ్నం నోరు తెరిచి రొప్పడం, వేలితో నొక్కితే సొట్టపడే గుడ్లు. పెంకు ఎందుకు పల్చబడుతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. కాల్షియం తక్కువన్నారు చాలామంది. కాల్షియం కోసం పెట్టే ఆల్చిప్పల గుల్ల అప్పటికే విడిగా గిన్నెలో ఉంది, కాబట్టి లోపం అక్కడ లేదు.

కోడికి చెమట పట్టదు, రొప్పే వేడి వదులుతుంది. అలా రొప్పేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి పెంకు పల్చబడుతుంది. మేత కూడా తగ్గిస్తుంది.

రేకుకి అడుగు ఎత్తున గ్రీన్ నెట్ కట్టాను. రేకుకి ఆనిస్తే వేడి అలాగే దిగుతుంది, మధ్యలో గాలి ఆడాలి. పడమర పక్క మాత్రమే తడి గోనెపట్టా. నాలుగు వైపులా కట్టడం నా మొదటి తప్పు: లోపల ఉక్కపోసి ఇంకా ఎక్కువ రొప్పాయి, ఊక తడిసి ఘాటు వాసన. వానలు మొదలయ్యాక పట్టాలు తడపకూడదు.

అసలు దొంగ నీళ్లే. డాబా మీది ట్యాంకు నీళ్లు ఒంటిగంటకి చెయ్యి పెట్టలేనంత వేడి! ఇప్పుడు నీడలో మట్టి మూకుళ్లు, రోజుకి మూడుసార్లు కుండ నీళ్లు, ఒక్కో కోడికి అరలీటరు లెక్క. మేత ఉదయం ఆరులోపు, మళ్లీ పొద్దుగూకాక.

పది రోజులకి పెంకు గట్టిపడింది. ఒక ముసలి పెట్టది మాత్రం ఇంకా పల్చగానే ఉంది, అది వయసు వల్లే అనుకుంటున్నా.