కొరియా విద్యార్థికి ‘కన్నింగ్’ నేర్పాలంటే ముందు పుట్టుకా, వాడుకా?

సువాన్ తెలుగబ్బాయి:
ఇక్కడ ఒక కొరియా కుర్రాడికి ఆదివారాలు ఇంగ్లీష్ చెబుతున్నాను. మొన్న కథలో ‘కన్నింగ్ ఫాక్స్’ అని వస్తే, “నక్క పరీక్షలో కాపీ కొట్టిందా?” అని అడిగాడు. అతని తప్పేం లేదు. కొరియన్‌లో ‘ఖనింగ్’ అంటే కాపీ కొట్టడమే. ఇంగ్లీష్ మాట జపాన్ మీదుగా ఆ అర్థంతో చేరింది. మనం చిట్టీ అనేదాన్ని వాళ్ళు ‘ఖనింగ్ పేపర్’ అంటారు. ఇలాంటి మాటని పుట్టుక నుంచే చెప్పాలని నాకనిపిస్తోంది. మీరేమంటారు?

రిటైర్డ్ మాస్టారు:
పుట్టుక నుంచే చెప్పు బాబూ. ‘కన్నింగ్’, ‘క్యాన్’ రెండూ తెలియడం అనే అర్థమున్న పాత ఇంగ్లీష్ ధాతువు నుంచి వచ్చినవే. మొదట్లో ‘కన్నింగ్’ అంటే నేర్పరి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో సౌలు రాజు కోసం వెతికింది తంతివాద్యం వాయించడంలో ‘కన్నింగ్’ అయినవాణ్ణి. వచ్చింది దావీదు. అందులో మోసం మాటే లేదు. నేర్పు కాలక్రమంలో జిత్తుల వైపు జారింది.

ఆన్‌లైన్ ట్యూటర్:
మాస్టారూ, నేను ఒప్పుకోలేను. ముందే దావీదు కథ చెబితే, రేపు ఆ అబ్బాయి “మా డాక్టర్ చాలా కన్నింగ్” అని పొగుడుతాడు. అవతలివాళ్ళు నొచ్చుకుంటారు. పైగా కొరియన్‌లో ఆ మాటకి ‘హాదా’ చేర్చి, మనం ‘చేయు’ చేర్చినట్టే, క్రియగా వాడతారు. ముందు ఆ ముడి విప్పాలి. పరీక్షలో చేసేది ‘చీటింగ్’, మనిషి గుణం ‘కన్నింగ్’. కొరియన్‌లో ‘క్యోహ్వల్హాదా’, మన జిత్తులమారి. అంతే చాలు.

సువాన్ తెలుగబ్బాయి:
చాలదు మేడమ్. ‘క్యోహ్వల్హాదా’ అంటే తిట్టే. ఇంగ్లీష్‌లో ‘కన్నింగ్ ప్లాన్’ అన్నప్పుడు కొంత మెచ్చుకోలు కూడా ఉంటుంది. పాత నేర్పు వాసన ఇంకా పోలేదు. పుట్టుక చెప్పకుండా ఆ తేడా ఎలా పట్టించాలి?

ఆన్‌లైన్ ట్యూటర్:
అది నిజమే. మనవాళ్ళు “వాడు వట్టి కన్నింగ్” అని తిట్టుగానే వాడతారు కదా, నేనూ ఆ చెవితోనే విన్నాను. అయినా వరుస మాత్రం మార్చను. ముందు వాక్యాలు రాయించండి, పుట్టుక తర్వాత చెప్పండి.

సువాన్ తెలుగబ్బాయి:
ఈ వారం అలాగే చేశాను. దొంగ కన్నింగ్ ప్లాన్ వేశాడని తనే ఇంగ్లీష్‌లో ఒక వాక్యం రాశాడు. అప్పుడు ‘క్యాన్’తో చుట్టరికం చెప్పాను. నోట్‌బుక్‌లో రెండు మాటలూ పక్కపక్కన రాసి, మధ్య గీత గీసుకున్నాడు. ‘ఖనింగ్’ని వేరే పేజీలో పెట్టాడు.