ముష్టియుద్ధం అనొచ్చా?

బాక్సింగ్‌కు తెలుగు మాట అడిగితే ఇద్దరు ముగ్గురు వెంటనే "ముష్టియుద్ధం" అన్నారు. నిఘంటువు ప్రకారం తప్పేం లేదు. కానీ ఇక్కడ ఉత్తర చెన్నైలో మా వీధి తెలుగు పిల్లల ముందు ఆ మాట అని చూడండి, పడీపడీ నవ్వుతారు. సంస్కృతంలో ముష్టి అంటే పిడికిలి, పిడికెడు కూడా. గుమ్మం ముందు అడిగే ఆ పిడికెడు బియ్యమే మనకు ముష్టి అయింది, అడిగేవాడు ముష్టివాడయ్యాడు. ఇప్పుడు వాడుకలో ఆ అర్థమే ముందు తోస్తుంది.

చిత్రమేమిటంటే, అర్థం చూస్తే ఆటకు ఆ మాట బాగానే అతుకుతుంది. పిడికిలి మూసి, కణుపుల వైపు తగిలేలా కొట్టాలి. అరచేత్తో చరిచినా, బెల్టు కింద కొట్టినా, తల వెనక కొట్టినా ఫౌలే. 1867 నాటి క్వీన్స్‌బెరీ నియమాలు గ్లోవులు, మూడు నిమిషాల రౌండు, నిమిషం విరామం, పడినవాడు లేవడానికి పది సెకన్లు పెట్టి, కుస్తీ పట్టడాన్ని బయటికి నెట్టాయి. మన పురాణాల్లో అంత గీత లేదు. భాగవతంలో బలరాముడి చేతిలో పోయినవాడి పేరే ముష్టికుడు, కానీ కంసుడి కొలువులో జరిగింది మల్లయుద్ధం. పట్లు, గుద్దులు అన్నీ కలిసే.

తమిళంలో ఈ తంటా లేదు. పేపర్లో, పోస్టర్ మీద "కుత్తుచ్చండై". కుత్తు అంటే గుద్దు, చండై అంటే పోట్లాట, అంతే. 1980లో మహమ్మద్ అలీ ఈ ఊరొచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. ఆ ముచ్చట చెప్పే పెద్దవాళ్ల నోట కూడా ఆ మాటే. మనం "గుద్దులాట" అంటే బడిపిల్లల గొడవ, "పిడిగుద్దులు" అంటే పోలీసు కేసు వార్త!

అందుకే ఆట పేరు బాక్సింగ్‌గానే ఉండనిద్దాం. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయితే "బాక్సర్ నిఖత్" అనే రాసుకున్నాం, ఎవరికీ అడ్డు రాలేదు. జాబ్, హుక్, అప్పర్‌కట్ లాంటి గుద్దుల పేర్ల జోలికీ పోవద్దు, కోచ్‌లు ఏ భాషవాళ్లయినా అవే అంటారు. రింగుకు మాత్రం మనకు "బరి" ఉంది. నాలుగు మూలలున్నదాన్ని రింగ్ అనేకన్నా "బరిలోకి దిగింది" ఎంతో నయం. పంచ్‌ను గుద్దు అనడానికీ మొహమాటం అక్కర్లేదు.

గ్లోవుకు మీ వైపు ఇంకేమైనా మాట ఉందాండీ?